క్షేత్రస్థాయి పనికి తగిన కంప్యూటర్: దృఢత్వ భావన – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

కార్యాలయం దాటి వీధిలో, పొలంలో, ఇంటి గడప దగ్గర పనిచేసేవారికి ఎలాంటి కంప్యూటర్ ఇవ్వాలన్నది నాలుగు దశాబ్దాలకు పైబడిన ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానంగా "దృఢమైన యంత్రం" అన్న మాట వినిపిస్తూ వచ్చింది. అయితే దృఢత్వమంటే ఏమిటన్న విషయంలో యంత్రాన్ని తయారుచేసేవారికీ, కొనేవారికీ, మోసేవారికీ ఏకాభిప్రాయం లేదు. 1981 నాటి ఆస్బర్న్ కంప్యూటర్ మొదలుకొని సింప్యూటర్, ఆకాశ్, సామాజిక ఆర్థిక కులగణన ట్యాబ్లెట్ల వరకు జరిగిన ప్రయత్నాలను పరిశీలించి, క్షేత్రంలో పగిలి పనికిరాకుండా పోవడం కన్న పని మధ్యలో ఆగిపోవడమే ఈ యంత్రాలకు పెద్ద సమస్య అయిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పరిశీలన ఆధారంగా యంత్రాల ఎంపికకు కొన్ని ప్రమాణాలను కూడా ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలక పదాలు: క్షేత్రస్థాయి పని, ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్, దృఢత్వం, సింప్యూటర్, ఆకాశ్, కులగణన, ఎన్యూమరేటర్లు.

1. ఉపోద్ఘాతం:

ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ అన్న మాటలు నేడు తెలుగు వాడుకలో కలిసిపోయాయి. ఏ.ఎన్.ఎం. చేతిలో, సర్వేయరు సంచిలో, బ్యాంకు మిత్ర బల్ల మీద, విద్యుత్ సంస్థ ఉద్యోగి బండి మీద ఏదో ఒక రూపంలో ఇవి కనిపిస్తాయి. వీటిని కొనే అధికారి సాధారణంగా చల్లని గదిలో కూర్చుని ఎంపిక చేస్తాడు. వాడే ఉద్యోగి ఎండలో నిలబడి, ఒక చేత్తో యంత్రాన్ని పట్టుకుని, ఎదుటి మనిషి చెప్పే వివరాలను రెండో చేత్తో నమోదు చేస్తాడు. ఆ నమోదు మీద ఒక కుటుంబం రేషన్ కార్డో, పింఛనో, గర్భిణికి అందవలసిన వైద్యమో ఆధారపడి ఉంటుంది. అందువల్ల యంత్రం ఎంపిక కేవలం కొనుగోలు వ్యవహారం కాదు. అది పాలనకూ ప్రజలకూ మధ్య సంబంధాన్ని ప్రభావితం చేసే నిర్ణయం.

ఈ నిర్ణయం వెనుక ఉన్న చరిత్రను తెలుగులో సమగ్రంగా చర్చించవలసిన అవసరం ఉంది. యంత్రాల పేర్లు, వేగాలు, ధరలు త్వరగా పాతబడతాయి. క్షేత్రం పెట్టే పరీక్షలు మాత్రం అంత త్వరగా మారవు. ఎండ, దుమ్ము, వాన, ప్రయాణం, విద్యుత్ కొరత, భాష, మరమ్మతు అన్నవి ప్రతి తరం యంత్రాన్నీ పరీక్షించాయి.

2. కంప్యూటర్‌కు ముందు – కవిలె, కడితం, థియోడొలైట్:

మోసుకుపోగలిగే నమోదు సాధనం తెలుగు నేలకు కొత్తది కాదు. గ్రామ కరణాలు లెక్కలనూ, గ్రామ వృత్తాంతాలనూ కవిలెల్లో భద్రపరిచేవారు. 19వ శతాబ్ది తొలినాళ్ళలో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులకు ఈ కవిలెలు ముఖ్య ఆధారాలు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం సిరాతో రాసినట్టు తడికి చెదరదు. కడితం మరొక రకమైన సాధనం. గుడ్డకు చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించి, ఆరబెట్టి, మడతలుగా చేసి బలపంతో రాసేవారు. తప్పు పడితే తుడిచి మళ్ళీ రాయవచ్చు, మడిచి చంకన పెట్టుకుపోవచ్చు. రాసేవాడు కూర్చునే చోటు, అతనికి దొరికే సరుకు, అతని చేతివాటం ఈ సాధనాల రూపాన్ని నిర్ణయించాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వే. ఆ సర్వేలో వాడిన పెద్ద థియోడొలైట్ బరువు సుమారు అర టన్ను. 1808లో తంజావూరు ఆలయ గోపురం పైకి చేరుస్తుండగా తాడు తెగి అది గోడకు కొట్టుకొని తీవ్రంగా దెబ్బతిన్నది. లాంబ్టన్ వారాల తరబడి శ్రమించి, వంగిన చక్రాన్ని సరిచేసి తిరిగి వాడుకలోకి తెచ్చాడు. ఆ యంత్రం దెబ్బకు తట్టుకోలేకపోయింది. అయినా విప్పడానికీ, సరిచేయడానికీ వీలైన నిర్మాణం కలిగి ఉండడం వల్ల సర్వే కొనసాగింది. దృఢత్వంలో మరమ్మతుకు కూడా చోటుందని ఈ సంఘటన తెలుపుతున్నది. తరువాతి కాలపు కంప్యూటర్ల విషయంలో ఈ అంశం తరచు మరుగున పడింది.

3. మోసుకుపోయే కంప్యూటర్ – తొలి దశ (1972–1983):

చంకన పెట్టుకుని తిరగగలిగే కంప్యూటర్ భావనను అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో అలన్ కే 1972లో "డైనాబుక్" పేరుతో వివరించాడు. అది పిల్లల చదువును దృష్టిలో పెట్టుకున్న ఊహ. ఆనాటి సాంకేతికతతో అలాంటి యంత్రాన్ని నిర్మించడం సాధ్యం కాలేదు.

1981 ఏప్రిల్‌లో విడుదలైన ఆస్బర్న్-1 వ్యాపారపరంగా విజయం పొందిన తొలి మోత కంప్యూటర్. దీని నిర్మాత ఆడం ఆస్బర్న్ బాల్యంలో కొంతకాలం తమిళనాడులో గడిపాడు. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్బర్న్ రమణ మహర్షి గురించి రచనలు చేసిన వ్యక్తి. ఆడం ఆస్బర్న్ 2003లో కొడైకెనాల్‌లో మరణించాడు. ఆయన కంప్యూటర్ బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1,795 డాలర్లు. విమానంలో సీటు కింద పట్టడం దాని విశేషంగా ప్రచారమైంది. అయితే గోడకున్న విద్యుత్ ప్లగ్గు లేనిదే అది పనిచేయదు. ఒక గది నుంచి మరొక గదికి మోసుకుపోవడానికి అది పనికివచ్చేది గాని, దారిలో పనిచేయడానికి కాదు.

1982లో వెలువడిన గ్రిడ్ కంపాస్ ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు. జాన్ ఎల్లెన్‌బీ స్థాపించిన గ్రిడ్ సిస్టమ్స్ సంస్థకు బిల్ మాగ్రిడ్జ్ దీని రూపాన్ని కల్పించాడు. తెరను మూతలా మీటల పలక మీదికి మడిచే పద్ధతి, మెగ్నీషియం మిశ్రలోహపు కవచం, కదిలే భాగాలు లేని బబుల్ మెమరీ దీని ప్రత్యేకతలు. తిరిగే డిస్కు లేకపోవడం వల్ల కుదుపులకు సమాచారం చెడిపోయే ప్రమాదం తగ్గింది. బరువు సుమారు 5 కిలోలు, ధర 8 వేల డాలర్లకు పైమాట. ఆ ధరను భరించగలిగినవి ప్రధానంగా సైన్యం, పెద్ద సంస్థలు, అంతరిక్ష పరిశోధన సంస్థ. 1983 నవంబరులో బయలుదేరిన ఎస్‌టీఎస్-9 యాత్రలో నాసా దీన్ని వాడింది. అయితే భారరహిత స్థితిలో వేడి గాలి తనంతట తాను పైకి పోదు గనుక చల్లబరచడానికి ఫ్యాను అమర్చవలసి వచ్చింది. ఆ కాలానికి అత్యంత దృఢమైన యంత్రాన్ని కూడా పనిచేసే చోటుకు తగినట్టు మార్చుకోక తప్పలేదు.

1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. జపానుకు చెందిన క్యోసెరా తయారుచేయగా అమెరికాలో రేడియో షాక్ అమ్మిన ఈ యంత్రం బరువు సుమారు 1.4 కిలోలు. తెర మీద ఎనిమిది వరుసలు మాత్రమే కనిపించేవి. లోహపు కవచం లేదు. ఏ దుకాణంలోనైనా దొరికే నాలుగు పెన్సిల్ సెల్లులతో దాదాపు 20 గంటలు పనిచేసేది. అందులోనే మోడెమ్ ఉండడం వల్ల పాత్రికేయులు వార్తను సంఘటన స్థలం దగ్గరే రాసి టెలిఫోను తీగ ద్వారా పత్రికా కార్యాలయానికి పంపగలిగారు. కొత్త యంత్రాలు వచ్చిన తరువాత కూడా విలేఖరులు దీన్ని చాలాకాలం వదలలేదు.

గ్రిడ్ కంపాస్, మోడల్ 100 యంత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే దృఢత్వానికి రెండు అర్థాలు కనిపిస్తాయి. ఒకటి దెబ్బను తట్టుకోవడం. రెండోది పనిని ఆగనివ్వకపోవడం. మొదటి దానికి ఖరీదైన కవచం కావాలి. రెండోదానికి పని స్వభావం తెలియాలి.

4. దృఢత్వానికి కొలమానాలు:

దెబ్బను తట్టుకోవడాన్ని కొలవడం సులభం. అందుకే ప్రమాణాలన్నీ దాని చుట్టూ పెరిగాయి. అమెరికా రక్షణ శాఖ 1962లో "మిల్-ఎస్‌టీడీ-810" అనే ప్రమాణాన్ని రూపొందించింది. వేడి, చలి, తేమ, దుమ్ము, ఉప్పుగాలి, కంపనం, పతనం మొదలైన పరిస్థితులకు పరికరాలను గురిచేసే పద్ధతులు ఇందులో ఉన్నాయి. 2008లో దీని "జి" సవరణ, 2019లో "హెచ్" సవరణ వెలువడ్డాయి. వ్యాపార ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది పతన పరీక్ష. యంత్రానికున్న ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలల మీద పడేటట్టు మొత్తం 26 సార్లు సుమారు 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్ పలకపై వదులుతారు.

ఈ పరీక్ష వివరాల్లో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, 26 పతనాలనూ ఒకే యంత్రం భరించాలన్న నియమం లేదు. అయిదు యంత్రాల వరకు పంచవచ్చు. రెండోది, ప్రమాణంలోని పరీక్షలన్నింటినీ చేయాలన్న నిర్బంధం లేదు. తయారీదారు తనకు తగినవని భావించిన కొన్నింటిని మాత్రమే చేయించి ప్రమాణం పేరును వాడుకోవచ్చు. ఉత్పత్తులకు ధ్రువపత్రం ఇచ్చే అధికారిక వ్యవస్థ కూడా ఈ ప్రమాణానికి లేదు. కాబట్టి "సైనిక ప్రమాణం" అన్న మాట ఒక్కటే కొనుగోలుదారునికి సరిపోదు. ఏ పరీక్షలు, ఏ స్థాయిలో, యంత్రం పనిచేస్తుండగానా ఆపివేసి ఉండగానా అన్న వివరాలు అడగాలి.

దుమ్ము, నీటి విషయంలో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1976లో ప్రచురించిన "ఐపీ" సంకేతం కొంత స్పష్టమైనది. మొదటి అంకె దుమ్ము వంటి ఘన పదార్థాల నుంచి, రెండో అంకె నీటి నుంచి ఉన్న రక్షణను సూచిస్తుంది. ఐపీ65 అంటే దుమ్ము చొరబడదు, అన్ని దిక్కుల నుంచి వచ్చే నీటిధారను తట్టుకుంటుంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది.

ఈ కొలమానాలను వ్యాపారంగా మలచిన యంత్రాల్లో పానసోనిక్ టఫ్‌బుక్ ప్రసిద్ధం. 1996లో సీఎఫ్-25 నమూనాతో ఇది మొదలైంది. పోలీసు వాహనాలు, టెలిఫోను, విద్యుత్ సంస్థల సిబ్బంది, సైన్యం దీని ప్రధాన వినియోగదారులయ్యారు. మామూలు ల్యాప్‌టాప్ కన్న బరువూ ధరా ఎక్కువే. అయినా వాహనంలో అమర్చుకుని తిరిగేవారికి బరువు భారం కాదు. ఇంటింటికీ నడిచి తిరిగేవారికి అదే యంత్రం సరిపోదు.

5. చేతిపలకలు – రెండు జనగణనల అనుభవం:

నిలబడి పనిచేసేవారికి మూత తెరిచి మీటలు నొక్కే యంత్రం అనువు కాదు. 1989లో గ్రిడ్ సంస్థే తెచ్చిన గ్రిడ్‌ప్యాడ్ ఈ అవసరాన్ని తీర్చడానికి పుట్టింది. జెఫ్ హాకిన్స్ రూపొందించిన ఈ రెండు కిలోల పలక మీద ప్రత్యేకమైన పెన్నుతో రాయవచ్చు. పత్రాలు నింపే పనికి ఇది ప్రధానంగా ఉద్దేశించినది. ఈ అనుభవంతోనే హాకిన్స్ తరువాత జేబులో పట్టే పామ్ యంత్రాలను తయారుచేశాడు.

చేతియంత్రాలకు అతిపెద్ద పరీక్ష జనగణన. 2010 జనగణన కోసం అమెరికా జనగణన సంస్థ 2006లో సుమారు 60 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని చేతియంత్రాలను సిద్ధం చేయించింది. 2007లో జరిగిన నమూనా ప్రయోగంలో యంత్రాలు నెమ్మదించడం, మధ్యలో స్తంభించిపోవడం బయటపడింది. 2008 జనవరిలో, అంటే పని మొదలుకావడానికి కొద్దికాలం ముందు, సంస్థ నాలుగు వందలకు పైగా కొత్త లేదా సవరించిన అవసరాలను తయారీదారు ముందు పెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంటింటి సేకరణను మళ్ళీ కాగితం మీదే చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. చేతియంత్రాలు 2009లో చిరునామాల పరిశీలనకు మాత్రమే పరిమితమయ్యాయి. యంత్రాలు నేలపడి పగలడం ఈ పరిణామానికి కారణం కాదు. యంత్రం ఏం చేయాలో ముందుగా స్పష్టంగా నిర్ణయించుకోకపోవడం, పని పరిస్థితుల్లో చాలినంతగా పరీక్షించకపోవడం ప్రధాన కారణాలు.

ఇందుకు భిన్నంగా బ్రెజిల్ 2007లో వ్యవసాయ గణననూ జనాభా లెక్కింపునూ చేతియంత్రాలతో నిర్వహించి, ఆ అనుభవంతో 2010 జనగణనను పూర్తిగా వాటితోనే చేసింది. ఒక విడతలో నేర్చుకున్న పాఠాలను మరొక విడతలో ఉపయోగించుకోవడానికి ఆ దేశానికి మూడేళ్ళ వ్యవధి లభించింది.

6. భారతీయ ప్రయత్నాలు:

6.1 సింప్యూటర్:

1998లో బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సు ప్రేరణతో సింప్యూటర్ ఆలోచన రూపుదిద్దుకుంది. భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు, ఎన్‌కోర్ సంస్థకు చెందిన ఇంజినీర్లు కలిసి 2001 ఏప్రిల్‌లో నమూనాను ప్రదర్శించారు. తక్కువ ధర, సరళమైన వాడుక, అనేక భాషలు అన్నవి దీని మూడు సూత్రాలు. తెర మీది వాక్యాన్ని భారతీయ భాషల్లో పలికించే ఏర్పాటు, బజారులో దొరికే చిన్న సెల్లులతో పనిచేయడం, స్మార్ట్ కార్డు ద్వారా ఒకే యంత్రాన్ని ఊళ్ళో అనేకులు పంచుకునే పద్ధతి దీని విశిష్టతలు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారీతో "అమిడా" పేరుతో మార్కెట్టులోకి వచ్చింది. కర్ణాటకలో భూమి రికార్డుల పనిలో దీన్ని ఉపయోగించి చూశారు.

అయితే అమ్మకాలు కొన్ని వేలను మించలేదు. అప్పటికే సెల్‌ఫోన్ల ధరలు వేగంగా తగ్గుతున్నాయి. పెద్ద సంఖ్యలో కొనవలసిన ప్రభుత్వ శాఖలు అంతగా ముందుకు రాలేదు. సింప్యూటర్ విఫలమైన యంత్రంగానే చాలామందికి గుర్తుండిపోయింది. కాని వాడుకరి భాష, అక్షరాస్యత, విద్యుత్ వసతి అనే మూడింటినీ నిర్మాణ దశలోనే పరిగణించిన తొలి భారతీయ చేతియంత్రాల్లో ఇది ముఖ్యమైనదన్న విషయం మరువరాదు.

6.2 ఆకాశ్:

2011 అక్టోబరు 5న కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ విద్యార్థుల కోసం ఆకాశ్ ట్యాబ్లెట్‌ను విడుదల చేసింది. డేటావిండ్ సంస్థ సరఫరా చేసిన ఈ యంత్రాల కూర్పు హైదరాబాదులో జరిగింది. ఒక్కొక్కటి సుమారు 50 డాలర్లకు ప్రభుత్వానికి అందింది. ఏడంగుళాల తెర గట్టిగా నొక్కితే గాని స్పందించదు. బ్యాటరీ కొద్ది గంటలే నిలిచేది.

ఈ యంత్రం చుట్టూ రేగిన వివాదం ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది. పథకాన్ని పర్యవేక్షించిన రాజస్థాన్ ఐఐటీకీ సరఫరా సంస్థకూ నాణ్యత పరీక్షల విషయంలో భేదాభిప్రాయం వచ్చింది. అమెరికా సైనిక ప్రమాణం స్థాయి పరీక్షలను ఇంత తక్కువ ధర యంత్రానికి వర్తింపజేయడం అసంగతమని సరఫరా సంస్థ వాదించింది. విద్యార్థి చేతిలోని యంత్రం దుమ్మునూ వాననూ తట్టుకోవాలన్న కోరిక న్యాయమైనదే. అయితే ధర నిర్ణయమైన తరువాత దృఢత్వం గురించి చర్చ రావడం అసలు లోపం. 2012లో పథకం బాధ్యత బొంబాయి ఐఐటీకి మారింది. మెరుగుపరచిన ఆకాశ్-2ను అదే ఏడాది నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేశారు.

6.3 సామాజిక ఆర్థిక కులగణన:

2011 జూన్ 29న త్రిపురలో మొదలైన సామాజిక ఆర్థిక కులగణన కాగితం లేకుండా నిర్వహించిన మొదటి భారతీయ గణన. ఇందుకోసం సుమారు 6.4 లక్షల చేతియంత్రాలను వినియోగించారు. వీటిని తయారుచేసింది సింప్యూటర్‌ను తయారుచేసిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థే. ప్రతి ఎన్యూమరేటరు వెంట ఒక డేటా ఎంట్రీ ఆపరేటరు నడిచాడు. ఒకరు ప్రశ్న అడిగితే మరొకరు నమోదు చేశారు. జాతీయ జనాభా పట్టికలోని పత్రాల చిత్రాలను ముందుగానే యంత్రాల్లో నింపి, ఆ వివరాలతో సరిచూసుకునే వీలు కల్పించారు.

ఈ ఏర్పాటు పైకి ఖర్చుతో కూడినదిగా కనిపించినా దీనిలో ఒక వివేకం ఉంది. యంత్రాన్ని నడపడం, మనిషితో మాట్లాడడం రెండు వేర్వేరు పనులని ఇది గుర్తించింది. సేకరించిన వివరాలతో ముసాయిదా జాబితాలు ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించారు. గ్రామీణ గణన ఫలితాలు 2015 జూలై 3న వెలువడ్డాయి. సేకరణ యంత్రాల్లో జరిగినా, ఫలితాలు వెలువడడానికి నాలుగేళ్ళు పట్టింది. చేతిలోని యంత్రం వేగం వ్యవస్థ వేగానికి హామీ కాదని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

7. తెలుగు రాష్ట్రాల అనుభవం:

2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వేను ఒకే రోజున నిర్వహించింది. సుమారు 4 లక్షల మంది సిబ్బంది కాగితపు పత్రాలపై వివరాలు సేకరించగా, తరువాత వాటిని కంప్యూటర్లకు ఎక్కించారు. ఒక్క రోజు పనికి లక్షల యంత్రాలు కొని, అందరికీ శిక్షణ ఇవ్వడం ఆచరణలో కష్టం. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులసర్వేలో కూడా ఆ రాష్ట్రం కాగితాన్నే ఎంచుకుని, కంప్యూటర్ నమోదును తరువాతి దశకు ఉంచింది.

ఆంధ్రప్రదేశ్ మరొక పద్ధతిని అనుసరించింది. 2016 జూలై 8న ప్రారంభమైన ప్రజాసాధికార సర్వేలో ఎన్యూమరేటర్లు ట్యాబ్లెట్లలో నేరుగా వివరాలు నమోదు చేశారు. ఆధార్ ఆధారిత ధ్రువీకరణ ఇందులో భాగం కావడం వల్ల యంత్రం పని కేంద్రంలోని సర్వర్ల మీద ఆధారపడింది. తొలి రోజుల్లో ఎదురైన ఇబ్బందులు ప్రధానంగా ఈ అనుసంధానానికి సంబంధించినవే. అదే ఏడాది ఏ.ఎన్.ఎం.ల కోసం రూపొందిన "అన్‌మోల్" అప్లికేషన్ ట్యాబ్లెట్ల ద్వారా ఈ రాష్ట్రంలో మొదలైంది. ఇందులో నెట్‌వర్క్ లేనిచోట కూడా నమోదు చేసి, సంకేతం దొరికినప్పుడు పంపే వీలుంది. మన్యం గూడేల్లో తిరిగే ఏ.ఎన్.ఎం.కు ఈ ఒక్క సదుపాయం లోహపు కవచం కన్న విలువైనది.

కాగితం వెనుకబాటుకూ, ట్యాబ్లెట్ ప్రగతికీ గుర్తులని తేల్చి చెప్పడం తొందరపాటు. పని వ్యవధి, సిబ్బంది సంఖ్య, ధ్రువీకరణ అవసరం, మళ్ళీ వాడే అవకాశం అనే నాలుగు అంశాలు ఈ ఎంపికను నిర్ణయించాలి.

8. చరిత్ర సూచించే ఎంపిక ప్రమాణాలు:

పై అనుభవాల నుంచి క్షేత్రస్థాయి యంత్రాల ఎంపికకు ఈ కింది ప్రమాణాలను రూపొందించవచ్చు.

8.1 శరీరభంగిమ: కూర్చుని ఎక్కువ రాసేవారికి ల్యాప్‌టాప్, నిలబడి పత్రాలు నింపేవారికి ట్యాబ్లెట్, రెండూ చేసేవారికి మీటల పలక విడదీయగల యంత్రం అనుకూలం. రోజంతా ఒక చేత్తో పట్టుకునే యంత్రం కిలో బరువు దాటితే మణికట్టుకు శ్రమ. కవచం, బ్యాటరీ, భుజపట్టీ కలిపి బరువు చూడాలి.

8.2 వెలుతురు: సాధారణ ల్యాప్‌టాప్ తెర ప్రకాశం 250 నుంచి 300 నిట్లు. ఎండలో చదవడానికి 800 నుంచి 1,000 నిట్లు కావాలి. ప్రకాశం పెరిగితే బ్యాటరీ త్వరగా తరుగుతుంది గనుక ఈ రెండింటినీ కలిపే పరీక్షించాలి. 2007 నాటి ఎక్స్‌ఓ-1 విద్యార్థి ల్యాప్‌టాప్ వెనుక దీపం లేకుండానే ఎండలో కనిపించే తెరతో ఈ సమస్యను మరో విధంగా పరిష్కరించింది.

8.3 వేడి: చాలా సాధారణ ట్యాబ్లెట్లకు తయారీదారులు చెప్పే వాడుక పరిమితి 35 డిగ్రీల సెల్సియస్. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. తెలుగు ప్రాంతాలకు కొనే యంత్రాల విషయంలో పతన పరీక్ష కన్న వేడి పరీక్ష ముందు చూడవలసినది. తీరప్రాంతాలకైతే ఉప్పుగాలి పరీక్ష కూడా అవసరం.

8.4 విద్యుత్తు: ప్రకటనలో చెప్పిన గంటలు కాక, పూర్తి ప్రకాశంతో, జీపీఎస్, నెట్‌వర్క్ నడుస్తుండగా నిలిచే గంటలు లెక్కించాలి. పని ఆపకుండా బ్యాటరీ మార్చుకునే వీలుంటే మేలు. మోడల్ 100 నేర్పిన పాఠం ఇదే.

8.5 నెట్‌వర్క్ లేని వేళ: యంత్రం ఒంటరిగా పనిచేయగలగాలి. సేకరించిన వివరాలు పంపేవరకు భద్రంగా ఉండాలి. యంత్రం పోయినా ఇతరులు చదవలేని విధంగా వాటికి రక్షణ ఉండాలి.

8.6 చేయి, భాష: చెమట పట్టిన వేలికి, తడిసిన తెరకు స్పందన ఎలా ఉన్నదో చూడాలి. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, క్షేత్రంలో వాడే అప్లికేషన్లలో తెలుగు నమోదు ఇంకా అసౌకర్యంగానే ఉంటున్నది. ఇంటిపేర్లు, ఊరిపేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మారినప్పుడు ఒకే మనిషి రెండు జాబితాల్లో రెండు పేర్లతో కనిపిస్తాడు. అలాంటి తప్పును ఏ లోహపు కవచమూ ఆపలేదు.

8.7 మరమ్మతు: జిల్లా కేంద్రంలో విడిభాగాలు దొరకడం, మరమ్మతు జరిగేలోపు బదులు యంత్రం ఇవ్వడం, భద్రతా సవరణలు ఎన్నేళ్ళు అందుతాయన్న హామీ కొనుగోలు ఒప్పందంలో ఉండాలి. మామూలు యంత్రానికి మంచి తొడుగు వేసి, కొన్ని అదనపు యంత్రాలు నిల్వ ఉంచడం కొన్ని పనులకు ఖరీదైన దృఢ యంత్రం కన్న లాభసాటి.

8.8 మోసేవారి మాట: కొనుగోలుకు ముందు కొద్దిమంది సిబ్బందికి యంత్రాలు ఇచ్చి, అసలు పని జరిగే ఊళ్ళలో, అసలు పని జరిగే కాలంలో కొన్ని వారాలు వాడించాలి. అమెరికా, బ్రెజిల్ జనగణనల ఫలితాల్లోని తేడా ఈ ప్రమాణం విలువను తెలుపుతున్నది.

9. ముగింపు:

• మోసుకుపోయే కంప్యూటర్ చరిత్రలో దృఢత్వానికి రెండు అర్థాలు సమాంతరంగా నడిచాయి. దెబ్బను తట్టుకోవడం గ్రిడ్ కంపాస్, టఫ్‌బుక్‌ల మార్గం. పనిని ఆగనివ్వకపోవడం మోడల్ 100, సింప్యూటర్‌ల మార్గం.

• సైనిక ప్రమాణాలు, ఐపీ సంకేతాలు మొదటి అర్థాన్ని మాత్రమే కొలుస్తాయి. అవి అవసరమైనవే గాని చాలినవి కావు.

• అమెరికా జనగణన యంత్రాలు, ఆకాశ్ ఎదుర్కొన్న సమస్యలకు ప్రధాన కారణం పని అవసరాలను ముందుగా, పనిచేసేవారి వైపు నుంచి నిర్ణయించుకోకపోవడం.

• తెలుగు రాష్ట్రాల్లో వేడి, నెట్‌వర్క్, తెలుగు నమోదు, మరమ్మతు అనే నాలుగు అంశాలకు కొనుగోలు నియమాల్లో ప్రాధాన్యం ఇవ్వాలి.

• 2027 జనగణనను డిజిటల్ పద్ధతిలో నిర్వహించాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన సందర్భంలో ఈ చర్చకు తక్షణ ప్రయోజనం ఉంది. ఎన్యూమరేటర్లు తమ సొంత ఫోన్లలో వివరాలు నమోదు చేసే పద్ధతిలో యంత్రం ఎంపిక, దాని ఖర్చు, దాని భద్రత మోసేవారి మీదనే పడతాయి. వారి అనుభవాలను గ్రామస్థాయిలో సేకరించి నమోదు చేయడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన తదుపరి పని.